పేజర్ పోయినా టవర్ మిగిలింది

పేజర్ వింటుంది గాని పలకదు. నడుముకు తగిలించుకున్న ఆ చిన్న డబ్బా, తన మనిషి ఊళ్లో ఉన్నాడో పొలిమేర దాటాడో కంపెనీకి ఎన్నడూ చెప్పదు. అందుకే ఒక్కరికి చేరాల్సిన కబురును ప్రాంతమంతటా ఒకేసారి చాటాలి. అమెరికా చిన్న పట్టణాల్లో మామూలు కుటుంబాలు టవర్లకు యజమానులు కావడానికి మూలం ఈ మూగతనమే.

1949లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, టెలిఫోను కంపెనీలు కానివారికి కూడా మొబైల్ రేడియో సేవల కోసం కొన్ని ఫ్రీక్వెన్సీలు కేటాయించింది. ఆ దారిన వచ్చినవాళ్లలో రేడియో మరమ్మతు దుకాణాలవాళ్లు, డాక్టర్ల తరఫున ఫోన్లు ఎత్తి కబుర్లు రాసిపెట్టే చిన్న సంస్థలవాళ్లు చాలామంది. పేజింగ్ వాళ్ల వ్యాపారానికి సహజమైన కొనసాగింపు. దానికి కావలసిన పెట్టుబడిలో బరువైనది టవర్.

టవర్ ఎంత ఎత్తుంటే రేడియో అంత దూరం చూస్తుంది. అయితే ఎత్తు నాలుగు రెట్లయితేనే దూరం రెండు రెట్లవుతుంది. చదునైన నేల మీద 30 మీటర్ల టవర్‌కు సుమారు 22 కిలోమీటర్లు అందితే, 120 మీటర్లదానికి 45 దాకా అందుతుంది. అంత ఇనుము నిలబెట్టడం కంటే గుట్ట మీద జాగా కొనడం చవక. ఆ గుట్టకు బాట వేసి కరెంటు లాగితే, ఎత్తు ఉచితంగా వచ్చినట్టే. ఆ బాట విలువ ఎంతో అప్పుడెవరూ లెక్క కట్టలేదు.

బరువంతా టవర్ మీద వేసి పేజర్‌ను తేలిక చేశారు. వందల వాట్ల ట్రాన్స్‌మిటర్ అరుస్తుంటే పేజర్ ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది. 1980లలో ప్రపంచమంతా వాడిన పాక్‌శాగ్ పద్ధతిలో ప్రసారాన్ని విడతలుగా, ఒక్కో విడతను ఎనిమిది భాగాలుగా విడగొడతారు. తన నంబరును బట్టి ఏ భాగంలో మేలుకోవాలో పేజర్‌కు ముందే తెలుసు. అందుకే ఒక్క చిన్న బ్యాటరీ వారాల తరబడి వచ్చేది.

ఒక టవర్ చాలనప్పుడు రెండోది, మూడోది వేస్తారు. అసలు తలనొప్పి అక్కడే. అన్నీ ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే కబురు పలుకుతుంటే, రెండింటికీ మధ్యనున్న పేజర్‌కు రెండు గొంతులూ వినిపిస్తాయి. వాటి మధ్య ఆలస్యం ఒక బిట్ నిడివిలో పావువంతు దాటితే అక్షరాలు చెదరడం మొదలవుతుంది. సెకనుకు 1200 బిట్ల వేగంలో ఆ పావువంతు 208 మైక్రోసెకన్లు. అంతలో రేడియో తరంగం 62 కిలోమీటర్లు పోతుంది కాబట్టి కొంత వెసులుబాటు ఉండేది. 1993లో వచ్చిన ఫ్లెక్స్ పద్ధతి పూర్తి వేగంతో నడిస్తే ఆ వెసులుబాటు 23 కిలోమీటర్లకు కుంచించుకుపోతుంది. టవర్లన్నీ జీపీఎస్ గడియారాలతో అడుగు కలపాల్సి వచ్చింది.

పెద్ద కంపెనీలు టవర్లకు కబుర్లను ఉపగ్రహం ద్వారా చేరవేసేవి. 1998 మే 19న గెలాక్సీ-4 ఉపగ్రహం అదుపు తప్పగానే అమెరికాలో ఐదింట నాలుగు పేజర్లకు పైగా మూగబోయాయి.

అప్పటికే గాలి మారింది. 1995లో ముగిసిన వేలంలో 1900 మెగాహెర్ట్జ్ లైసెన్సులు కొన్న కొత్త సెల్‌ఫోను కంపెనీలకు వేల చోట్ల యాంటెన్నాలు కావాలి. ఆ ఫ్రీక్వెన్సీ పాత సెల్‌ఫోన్ల 800 మెగాహెర్ట్జ్ అంత దూరం పోదు మరి. 1996 టెలికాం చట్టం స్థలాల అనుమతిని చాలావరకు స్థానిక సంస్థల చేతుల్లోనే ఉంచింది. తమ ఊళ్లో కొత్త టవర్ వద్దని జనం అడ్డుపడుతుంటే, ఏనాడో అనుమతి పొంది, బాటా కరెంటూ ఉన్న పేజింగ్ టవర్ సిద్ధంగా కనబడింది. దాని మీద రెండో అద్దెదారు ఎక్కితే యజమానికి అదనపు ఖర్చు స్వల్పం, అద్దె మాత్రం పూర్తిగా వస్తుంది.

ఒక చిక్కుంది. పేజింగ్ యాంటెన్నా సన్నని కర్ర. గాలికి అడ్డు తక్కువ. సెల్‌ఫోను పలకలు పడవ తెరచాపల్లా గాలిని పట్టేస్తాయి. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. పాత టవర్లు చాలావాటికి ఉక్కు జోడించాకే కొత్తవాళ్లకు చోటు దొరికింది.

1998లో మొబైల్‌మీడియా అనే పెద్ద పేజింగ్ కంపెనీ తన టవర్లను పినాకిల్ టవర్స్‌కు అమ్మి, వాటి మీదే మళ్లీ అద్దెకు దిగింది. బంగారు బాతును అమ్ముకుందని నాకనిపిస్తుంది. తర్వాత దాన్ని తనలో కలుపుకున్న ఆర్చ్ అనే పేజింగ్ కంపెనీ 2001 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. టవర్లు కొన్న పినాకిల్ కూడా అప్పుల భారంతో 2002లో అదే గుమ్మం ఎక్కింది. తర్వాత పేరు మార్చుకుని 2007లో క్రౌన్ కాసిల్‌లో కలిసింది. అప్పుకు పోకుండా ఒక్కొక్క టవరే వేసుకున్న కుటుంబాలకు ఆ గండం లేదు.

మన దేశంలో ఇలాంటి కుటుంబాలు తయారవలేదు. పేజర్, సెల్‌ఫోను రెండూ ఇక్కడికి 1995లోనే వచ్చాయి, లైసెన్సులు పెద్ద సంస్థలకు వెళ్లాయి. టవర్లను పంచుకుంటే లాభమన్న లెక్కతో ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా కలిసి 2007లో ఇండస్ టవర్స్‌ను పెట్టాయి. అమెరికాలో గుట్టమీది యజమాని అద్దె పుస్తకంలో పదేళ్ల ముందే తేలిన లెక్క అది.