నీళ్ళెటు పోతున్నాయి?

రాజమండ్రి నుంచి రంపచోడవరం దాకా బుద్ధిగా వచ్చిన కారు, మారేడుమిల్లి దాటి ఘాటెక్కేసరికి ఆవిర్లు కక్కుతుంది. డెల్టా రోడ్లు బల్లపరుపు గనుక లోపం అక్కడ బయటపడదు. నిండుబరువుతో చిన్న గేరులో ఎక్కేటప్పుడు వేడి ఎక్కువ, ఎదురుగాలి తక్కువ.

ఆగినప్పుడు కాగి, పరుగులో చల్లబడితే ఫ్యానును అనుమానించాలి. పరుగులోనూ కాగుతుంటే రేడియేటరు పూడిందేమో చూడాలి. రోడ్లమీద వడ్లు ఆరబోసే రోజుల్లో దాని రెక్కల్లో ఊక కూరుకుంటుంది.

సరే, కింద చుక్కయినా పడకుండా నీళ్ళు తగ్గిపోతుంటే? మొదట మూతను చూడండి. మామూలు నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూత పీడనాన్ని నిలిపి ఉంచబట్టి రేడియేటరులో సుమారు 120 దాకా మరగదు. మూతలోని స్ప్రింగు నీరసిస్తే నీరు ముందే పొంగి దారిపొడవునా పోతుంది. ఇంజను చల్లారాకే మూత తీయాలి సుమా! వేడిమీద తీస్తే నీళ్ళు ఒక్కసారిగా పైకి చిమ్మి ముఖం కాలుతుంది.

సన్నని లీకయితే వేడి ఇంజను మీదే ఇగిరిపోయి, పంపు దగ్గరో గొట్టాల క్లిప్పుల దగ్గరో చార మిగులుతుంది. అదీ లేదంటే అనుమానం హెడ్ గాస్కెట్టు మీదికి పోవాలి. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్టు చేస్తే ఆగకుండా బుడగలొస్తాయి. ఇంజను కాగాక కూడా తెల్లపొగ పోతుంటుంది. ఒక్కోసారి ఆయిలు పాలు కలిపిన కాఫీలా తయారవుతుంది. "నీళ్ళు పోసుకుంటూ పోదాం" అనే మనవాళ్ళ వైద్యం ఇక్కడ చెల్లదు. నీరు కలిసిన ఆయిలు బేరింగులను కాపాడలేదు, ఇంజను పట్టేస్తుంది.

అన్నట్టు, తీరప్రాంతపు బోర్ల ఉప్పునీరు రేడియేటరును తినేస్తుంది. డిస్టిల్డు వాటరూ కూలంటూ కలిపి పోయించండి.