కొట్టకుండానే మోగుతుంది!

డప్పును పుల్లలతో కొట్టాలి. మృదంగాన్ని చేత్తో వాయించాలి. మరి తోలు మీద ఒక్క దెబ్బ కూడా పడకుండా మోగే వాద్యం ఉంటుందా? ఉంది... దాని పేరే జమిడిక. ఎల్లమ్మ కథ ఎక్కడుంటే అదీ అక్కడే!

ఆషాఢం వచ్చిందంటే చాలు, అమీర్‌పేట పక్కనే ఉన్న బల్కంపేటకు జనం పోటెత్తుతారు. నేలమట్టానికి దిగువన కొలువైన ఎల్లమ్మ తల్లికి ఆ నెల మొదటి మంగళవారం కల్యాణం జరుగుతుంది. ఇక బోనాల వేళ డప్పుల మోత, పోతరాజుల చిందులు సరేసరి. ఆ హోరులో జమిడిక గొంతు వినిపించడం కష్టమే. దాన్ని వినాలంటే పల్లెల్లో పట్నం వేసి, రాత్రంతా ఎల్లమ్మ కథ చెప్పే బైండ్ల కళాకారుల దగ్గర కూర్చోవాలి.

లాగితే రాగం

జమిడిక చూడ్డానికి చిన్న డోలులా ఉంటుంది. చెక్కతోనో, ఇత్తడితోనో చేసిన గుల్లకు ఓ వైపు తోలు బిగిస్తారు. రెండోవైపు ఖాళీ. తోలు మధ్యలో రంధ్రం చేసి తీగను దూర్చి, గుల్లలోంచి బయటకు తీసి, కొసకు చిన్న కర్రముక్క కడతారు. గుల్లను చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో కర్రముక్కను లాగిపట్టి, రెండో చేత్తో తీగను మీటుతారు. తీగ అదురు తోలుకు చేరుతుంది. తోలు అదిరి గుల్లంతా మోగుతుంది.

అసలు గమ్మత్తంతా లాగే చేతిలోనే ఉంది. బిగించి లాగితే శ్రుతి పైకి లేస్తుంది. వదులు చేస్తే కిందికి జారుతుంది. అందుకే అది తాళం వేస్తూనే మాట్లాడుతున్నట్టూ, మూలుగుతున్నట్టూ వినిపిస్తుంది. తండ్రి జమదగ్ని ఆజ్ఞపై పరశురాముడు తల్లి రేణుక తల నరికే ఘట్టానికి ఇంతకన్నా తగిన తోడు ఏముంటుంది!

చుట్టాలెందరో...

ఉత్తరాంధ్రలో ఇదే జముకు. జముకుల కథకు ఆ పేరు దీనివల్లే వచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఎల్లమ్మ భక్తుల చేతిలో ఉండే చౌడిక, బెంగాల్‌ బావుల్‌ గాయకుల ఖమక్‌ కూడా తీగ మీటితే మోగేవే. భాషలు వేరైనా వాద్యం కిటుకు ఒక్కటే.

కథ ఉంటేనే...

వీణకున్నట్టు జమిడికకు మెట్లుండవు. ఎక్కడ ఎంత లాగాలో గుర్తులూ ఉండవు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని, కథ వింటూ, వంత పాడుతూ చేతికి అలవాటు చేసుకోవాల్సిందే. కథ రానివాడికి వాద్యం పూర్తిగా రానట్టే. కాబట్టి ఒక వాద్యాన్ని తెచ్చి అద్దాల పెట్టెలో దాచినంత మాత్రాన ఆ విద్య బతకదు. కథ చెప్పించుకునే ఊళ్లు ఉండాలి, నేర్చుకున్నవాడికి కూడూ గౌరవమూ దక్కాలి. ఏటా ఎల్లమ్మకు బోనమెత్తే చేతులు ఆమె కథకుడికీ పిలుపు పంపితే, ఆ తీగ ఇంకో తరం దాకా మోగుతుంది.

పిల్లలూ... మీరూ చేయండి!

పలుచటి ప్లాస్టిక్‌ గ్లాసు అడుగున మధ్యలో చిన్న రంధ్రం పెట్టించుకోండి. గట్టి దారానికి ఓ కొసన గుండీ కట్టి, రెండో కొసను బయటి నుంచి రంధ్రంలోకి దూర్చి గ్లాసు మూతిలోంచి లాగండి. గుండీ అడుగున ఆగిపోతుంది. దారం కొసకు అగ్గిపుల్ల కట్టండి. గ్లాసును చంకలో పెట్టుకుని, దారాన్ని బిగిస్తూ, వదులుతూ మీటండి. శ్రుతి పెరగడం, తగ్గడం మీ చెవులకే తెలుస్తుంది.