ప్రభువు అతణ్ణి పక్కకు తీసుకెళ్లాడు

దెకపొలి ప్రాంతంలో కొందరు ఒక చెవిటివాణ్ణి యేసుప్రభువు దగ్గరికి తీసుకొచ్చారు. అతనికి మాట కూడా సరిగా రాదు. అతని మీద చెయ్యి ఉంచమని వాళ్లు ప్రభువును బతిమాలారు. చుట్టూ జనం. అందరి ముందూ ఒక్క మాటతో బాగుచేస్తే ప్రభువుకు ఎంత పేరు వచ్చేదో! కాని ఆయన అలా చేయలేదు. అతణ్ణి గుంపులోంచి పక్కకు తీసుకెళ్లాడు. చెవుల్లో వేళ్లు పెట్టాడు, నాలుక ముట్టాడు, ఆకాశం వైపు చూశాడు (మార్కు 7:31-37). వినబడని మనిషితో ముందు అతనికి అర్థమయ్యే సైగల్లోనే మాట్లాడాడన్నమాట. ఈ భాగాన్ని సెమినరీలో గ్రీకు మూలంతో సహా చదివాను, చాలాసార్లు ప్రసంగించాను కూడా. కాని అది నాకు బోధపడింది మాత్రం అరకు కొండల్లో, అదీ ఒక తప్పు చేశాక.

కొన్నేళ్ల క్రితం అరకులోయలోని ఒక చిన్న గూడేనికి ఉజ్జీవ కూటం కోసం వెళ్లాను. ఒక తల్లి తన ఎనిమిదేళ్ల కొడుకును ముందుకు తెచ్చింది. వాడికి మాటల్లేవు. పిలిస్తే తిరిగి చూడడు, తోటిపిల్లలతో కలవడు. రాజ్మా గింజలు దొరికితే గంటలకొద్దీ వరుసగా పేర్చుకుంటూ కూర్చుంటాడు, ఆ వరుస చెదిరితే ఒకటే ఏడుపు. ‘మూగదయ్యం పట్టింది’ అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. నేనూ వాడి తలమీద చెయ్యివేసి మైకులోనే గద్దిస్తూ ప్రార్థన మొదలుపెట్టాను. వాడు రెండు చెవులూ గట్టిగా మూసుకుని కేకపెట్టి, నా చేతిని కొరికి, చీకట్లోకి పరుగెత్తాడు. దయ్యం ఎదిరిస్తోందని ఎవరో అన్నారు. వాడు తట్టుకోలేకపోయింది మా బాక్సుల హోరునని ఆ రాత్రి మాలో ఒక్కరికీ తోచలేదు.

అది తోచింది ఆ ఊరి బడి టీచరమ్మకు. మర్నాడు ఆమె నాతో అన్న మాటలు ఇప్పటికీ గుర్తే. ‘పాస్టరుగారూ, వాడికి తెలుగు రాక మాట్లాడడం లేదని నేనూ ఏడాదిపాటు అనుకున్నానండి. మా బడిలో అందరూ మొదట్లో మౌనంగానే ఉంటారు కదా!’

కొండల సంగతి తెలియనివారికి ఈ మాట కొంచెం వివరించాలి. అరకు చుట్టుపక్కల పిల్లలు ఇంట్లో ఆదివాసీ ఒరియా, కువి, కొండ వంటి భాషలు మాట్లాడతారు. బడిలో పుస్తకం తెలుగు. అందుకే 2004లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ మూడింటితోపాటు సవర, కోయ, గోండి, కొలామి, బంజారా కలిపి 8 భాషల్లో మాతృభాష ఆధారంగా బోధన ప్రారంభించింది. భాష తెలియక బిగుసుకుపోయిన పిల్లవాడు క్లాసులో నోరు విప్పకపోయినా ఆటలో తన భాషలో గలగలా మాట్లాడతాడు. కావలసింది వేలితో చూపిస్తాడు. మనం చూపిస్తే అటు చూస్తాడు. ఈ పిల్లవాడు తల్లి భాషలో కూడా అవేవీ చేయడం లేదని ఆమె గమనించింది. కొండల్లో ఆటిజం ఉన్న పిల్లలు మన కంట పడకపోవడానికి ఇదే పెద్ద కారణమని నాకనిపిస్తుంది. అందరూ మౌనంగా ఉన్నచోట ఏ మౌనం వేరో ఎవరు కనిపెడతారు?

ఆటిజం దయ్యమూ కాదు, శాపమూ కాదు. మెదడు ఎదుగుదలలోనే ఉండే తేడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు 127 మందిలో ఒకరికి అది ఉంది. అమెరికాలో డాక్టర్ లియో కానర్ 1943లో ఇలాంటి 11 మంది పిల్లల గురించి రాశాక, తల్లి ప్రేమ చాలకే పిల్లలు ఇలా అవుతారని పెద్ద చదువులు చదివినవాళ్లే చాలాకాలం నమ్మారు. అది తప్పని 1964లో పుస్తకం రాసి గట్టిగా వాదించినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయనే అలాంటి ఒక పిల్లవాడి తండ్రి. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ‘పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా’ అని శిష్యులు అడిగితే ప్రభువు ఆ లెక్కనే తోసిపుచ్చాడు (యోహాను 9:1-3). మన సంఘాల్లో మాత్రం ఆ ప్రశ్న ఇంకా బతికే ఉంది. ఆ తల్లిని ‘ఏం పాపం దాచావమ్మా’ అని అడిగినవాళ్లు కూడా విశ్వాసులే.

టీచరమ్మ పట్టుదలతో పిల్లవాడు మండలకేంద్రంలోని భవిత కేంద్రానికి చేరాడు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్రశిక్ష కింద నడిచే కేంద్రాలివి. బడికి రాలేనివారికి ఇంటి దగ్గరే నేర్పించే ఏర్పాటు కూడా ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 రకాల వైకల్యాల్లో చేర్చింది. 40 శాతానికి తగ్గకుండా వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకూ ఉచిత విద్య వాళ్ల హక్కు. చట్టం మంచిదే. అయితే విశాఖపట్నం అరకుకు 115 కిలోమీటర్ల దూరం. పెద్దాసుపత్రి పని మీద వెళ్తే కూలి పోతుంది, ఘాట్ రోడ్డు బస్సులో పిల్లవాడు హడలిపోతాడు. మా సంఘం ఆ తల్లికి చేసిన మొదటి నిజమైన సాయం బస్సు చార్జీలు, తోడుగా ఒక మనిషి. ప్రార్థన కూడా చేశాం, ఈసారి మైకు లేకుండా.

అక్కడ వాడికి నేర్పిన పద్ధతి చూస్తే నాకు మార్కు సువార్త ఏడో అధ్యాయమే గుర్తొచ్చింది. ముందు ఒక మూల, గోడ వైపు తిప్పిన బల్ల, చప్పుడు లేకుండా. మాటకు బదులు బొమ్మ కార్డు. కార్డు చేతికిస్తే వస్తువు దొరుకుతుంది. అమెరికాలో 1985లో రూపొందిన పద్ధతి ఇది. చిక్కల్లా బొమ్మలతోనే వచ్చింది. అచ్చువేసిన కార్డుల్లో ఉన్నవి ఆపిల్, ఫ్రిజ్, గాజు గ్లాసు. మావాడు వాటిని నేలమీద వరుసగా పేర్చుకున్నాడు, అంతే. అప్పుడు టీచరమ్మ అంబలి పోసుకునే ఆనపకాయ బుర్ర బొమ్మ తానే గీసింది. పది రోజులో, పదిహేను రోజులో పట్టింది. ఒక మధ్యాహ్నం వాడు ఆ కార్డు తెచ్చి తల్లి చేతిలో పెట్టాడట. ‘అయ్యగారూ, నా కొడుకు నన్ను అంబలి అడిగాడు’ అని ఆమె నాతో చెబుతూ ఏడ్చింది.

తర్వాత రోజు పనులన్నీ బొమ్మల్లో వరుసగా గోడకు అతికించారు. లేవడం, ముఖం కడగడం, అంబలి, బడి. తర్వాత ఏం జరుగుతుందో కంటికి కనబడితే వాడికి భయం తగ్గింది. ఇప్పటికీ మాటలు రాలేదు. వస్తాయని నేను ఎవరికీ హామీ ఇవ్వను. ఇలాంటి పిల్లలకు మాటలు తెప్పిస్తామని కూటాల్లో ప్రకటించే తోటి సేవకులను మాత్రం ఒక్కటి అడగాలని ఉంది. ఆ బిడ్డకు ఏ శబ్దమంటే భయమో ఎప్పుడైనా కనుక్కున్నారా?

మందిరంలో కూడా కొన్ని మార్చుకున్నాం. ఒక బాక్సు తీసేశాం. ఆరాధన క్రమం బొమ్మల్లో గీసి తలుపు పక్కన పెట్టాం. ఆశ్చర్యమేమంటే చదువురాని పెద్దవాళ్లు కూడా దాన్నే చూస్తున్నారు. వాడికి ఒక పని కూడా దొరికింది. ఆదివారం అందరికంటే ముందు వచ్చి చాపలు పరుస్తాడు. గింజలు పేర్చినట్టే, అంచుకు అంచు ఆనించి. ఎవరైనా చాప జరిపితే ఊరుకోడు, వచ్చి సరిచేసి వెళతాడు. కిందటిసారి నేను ప్రసంగం మధ్యలో చాప మీదికి అడుగేశాను. వాడు లేచి వచ్చి, నా పంచె పట్టుకుని మెల్లగా పక్కకు జరిపి, చాప సర్ది మళ్లీ తన చోట కూర్చున్నాడు.