సంఖ్యల నుండి స్వరము

భద్రాచలము పరిసరముల గోదావరి తీరమున వ్యాపించిన అరణ్యప్రాంతము కోయలకు నివాసభూమి. వారి పూర్వుల వీరగాథలను తరతరములుగా కాపాడుచున్నవారు డోలి కళాకారులు. వారు డోలు వాయించుచు సమ్మక్క సారలమ్మల కథను గానము చేయుదురు. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య ఈ విద్యలో సుప్రసిద్ధుడు. భారత ప్రభుత్వము 2022లో ఆయనకు పద్మశ్రీ నొసగి గౌరవించినది. 2024లో ఆయన కన్నుమూసెను. గాయకుడు గతించిన పిమ్మట ఆయన కంఠము ధ్వనిముద్రణములందే నిలుచును. అట్టి పాటను చెవికి ఉన్నదున్నట్లు చేర్చు సాధనములను గూర్చి తెలిసికొనుట అవసరము.

ధ్వని గాలిలో పుట్టు అల. మైకు ఆ యలను విద్యుత్తరంగముగా మార్చును. నేటి యంత్రములు ఆ తరంగమును మాటిమాటికి కొలిచి సంఖ్యలుగా దాచును. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కు పద్ధతిలో సెకనునకు 44,100 కొలతలు తీయుదురు. ప్రతి కొలతను 65,536 మెట్లలో ఒకదానిగా గుర్తింతురు. మానవుని చెవి సెకనునకు ఇంచుమించు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. ఒక కంపనమును సరిగా పట్టుకొనుటకు దాని సంఖ్యకు రెట్టింపుకంటె ఎక్కువగా కొలతలు కావలెను. అందువలననే అన్ని కొలతలు!

అయితే చెవికి సంఖ్యలు వినబడవు. వానిని మరల విద్యుత్తరంగముగా మార్చు పరికరమునకు డాక్ అని పేరు. ఆ తరంగము హెడ్‌ఫోనును నడుపజాలనంత బలహీనము. దానికి బలము చేకూర్చునది ఆంప్లిఫయరు. గ్రామమున ఉత్తరువు చదివి చెప్పువాడొకడు, దానిని దండోరా వేసి యూరంతటికి వినిపించువాడొకడు ఉన్నట్లే వీని పనులును వేరువేరు. చదువువాడు తప్పు చదివినచో దండోరా ఆ తప్పునే చాటును, ఆంప్లిఫయరును అంతే. ఈ రెండును సెల్‌ఫోనులోనే యుండవచ్చును. హెడ్‌ఫోను గుచ్చు రంధ్రము లేని ఫోనులకు వ్రేలెడంత తీగసాధనముగా విడిగా దొరకును. పెట్టెవంటి యంత్రములుగాను లభించును.

వీనిని ఎన్నుకొనువారు మొదట చూడవలసినది హెడ్‌ఫోను. దానిపై రెండు వివరములు గమనింపవలెను. ఒకటి ఓమ్‌లలో తెలుపు విద్యున్నిరోధము. దీనిని ఇంపీడెన్సు అందురు. రెండవది ఒక మిల్లీవాటు శక్తికి ఎన్ని డెసిబెళ్ల ధ్వని వచ్చునో తెలుపు సంఖ్య. డోలి గానమున మెల్లని పలుకు వెంటనే డోలు దెబ్బ పిడుగువలె మ్రోగును. ఆ దెబ్బ క్షణకాలము 110 డెసిబెళ్లకు చేరుటకు అవకాశ ముండవలె ననుకొందము. మిల్లీవాటునకు 100 డెసిబెళ్లిచ్చు హెడ్‌ఫోనునకు అప్పుడు 10 మిల్లీవాట్లు కావలెను. ఏలయన, ప్రతి 10 డెసిబెళ్లకు శక్తి పదిరెట్లగును. హెడ్‌ఫోను 32 ఓమ్‌లదైనచో సుమారు 0.6 వోల్టు చాలును. 300 ఓమ్‌లదైనచో సుమారు 1.7 వోల్టులు కావలెను. మొదటిదానికి మంచి ఫోనో, చిన్న తీగసాధనమో సాధారణముగా సరిపోవును. రెండవదానికి ప్రత్యేక ఆంప్లిఫయరు అవసరము కావచ్చును.

ఆంప్లిఫయరు స్వంత నిరోధము హెడ్‌ఫోను నిరోధములో ఎనిమిదవ వంతునకు మించకుండుట మేలు. లేనిచో కొన్ని హెడ్‌ఫోనులలో స్వరముల సమత చెడును. అవసరమునకు మించిన ఆంప్లిఫయరును సున్నితమైన ఇయర్‌ఫోనులకు తగిలించినచో పాట వెనుక బుసబుస ధ్వని వినవచ్చును.

ఇక డాక్ మాట. 16 బిట్ల పద్ధతియే మిక్కిలి మెల్లని ధ్వనికిని మిక్కిలి గట్టి ధ్వనికిని నడుమ సుమారు 96 డెసిబెళ్ల అంతర మిచ్చును. వినుటకు ఇది చాలును. పెట్టెపై ముద్రించిన పెద్ద సంఖ్యలకు మురిసి ధనము వెచ్చింప బనిలేదు. ముద్రణమున లేని మాధుర్యమును ఏ యంత్రమును తేజాలదు. రెండు యంత్రములను పోల్చునపుడు రెండింటి ధ్వనిని సమానముగా నుంచవలెను. కొంచెము గట్టిగా మ్రోగునదే మంచిదని చెవి భ్రమపడును.

అన్నింటికంటె విలువైన సాధనము చెవియే. 80 డెసిబెళ్ల ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. 90 డెసిబెళ్లయినచో 4 గంటలే హద్దు. ఆంప్లిఫయరు బలము డోలు దెబ్బను చెదరకుండ వినిపించుటకే గాని, చెవులను చిల్లులు పొడుచుటకు గాదు. చెడిన యంత్రమునకు బదులు వేరొకటి కొనవచ్చును. చెడిన వినికిడి మరల రాదు. తగినంత ధ్వనితో శ్రద్ధగా వినువానికి చిన్న సాధనమైనను అడవిలోని డోలు మ్రోతను, దాని వెనుకనున్న కంఠమును స్పష్టముగా అందించును.