సన్నని నాదం చెప్పే నిజం

శ్రోతలూ, సీడీలో సంగీతం అంకెలుగా ఉంటుంది: 16 బిట్లు, 65,536 మెట్లు. ఆ అంకెలను తిరిగి విద్యుత్ తరంగంగా మార్చే డాక్‌లో మెట్లన్నీ సమానంగా ఉండాలి. నిచ్చెన పద్ధతి పాత డాక్‌లలో పెద్ద బిట్టు నిరోధకం రవ్వంత తప్పినా, వీణ నాదం సన్నగిల్లే చోట గరగర మొదలవుతుంది. బిగ్గరగా మోగేటప్పుడు తెలియదు.

ఇంట్లోనే చూడవచ్చు. కంప్యూటర్‌లో 1,000 హెర్ట్జ్ నాదాన్ని, డిథర్ అనే సన్నని రొద కలిపి, తయారుచేయండి. పది డెసిబెళ్ల చొప్పున మైనస్ 90 దాకా దించుతూ డాక్ ద్వారా వాయించి, మంచి సౌండ్‌కార్డుతో రికార్డు చేయండి. స్పెక్ట్రమ్‌లో ఆ ఒక్క నాదం మట్టాన్నే చదవండి; మొత్తం కొలిస్తే రొదను కొలిచినట్టే. మొదటి కొలతను సున్నాగా పట్టుకుంటే, మైనస్ 90 ఉండాల్సిన చోట మైనస్ 87 కనిపించిందా, మూడు డెసిబెళ్ల తప్పన్నమాట. తప్పు కార్డుదేమో! అదే కార్డుతో మరో డాక్‌ను కొలిస్తే చాలావరకు తేలుతుంది.

సన్ననిది వినాలని వాల్యూమ్ పెంచితే, పాట పెట్టేముందు దించండి. లేకపోతే స్పీకర్లూ దక్కవు, చెవులూ దక్కవు.