నైట్స్ టెంప్లర్ సంఘం: సంపద, అధికారం, వాటి పరిమితులు

1. ఉపోద్ఘాతం

మధ్యయుగ ఐరోపాలో ప్రార్థన సన్న్యాసి ధర్మం, యుద్ధం ప్రభువర్గ ధర్మం. మొదటి క్రూసేడు తరువాత ఈ రెండింటినీ ఏకం చేసిన సంఘాలు ఆవిర్భవించాయి. వాటిలో ప్రసిద్ధమైనది నైట్స్ టెంప్లర్. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత దాని సభ్యుల వ్రతాలు. అయినా ఆ సంఘం రాజులకే అప్పులిచ్చింది. చివరికి ఒక రాజు చేతనే పతనమైంది. ఆ సంపద ఎలా సమకూరింది, సంఘాన్ని ఎందుకు కాపాడలేకపోయింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

2. ఆవిర్భావం, పోపు ఆదరణ

సుమారు 1119లో యూగ్ ద పాయెన్ నాయకత్వంలో కొందరు నైట్లు జెరూసలేం యాత్రికుల రక్షణకు పూనుకొన్నారు. రాజు రెండవ బాల్డ్విన్ వారికి అల్ అక్సా మసీదులో నివాసం కల్పించాడు. ఆ స్థలాన్ని సొలొమోను దేవాలయంగా క్రైస్తవులు భావించినందున సంఘానికి ఆ పేరు వచ్చింది. 1129లో ఫ్రాన్సులోని త్రువా మహాసభ సంఘ నియమావళిని ఆమోదించింది. 1139లో పోపు రెండవ ఇన్నోసెంట్ సంఘాన్ని నేరుగా తన రక్షణలోకి తీసుకొని, సొంత పురోహితులను నియమించుకొనే హక్కును, దశమభాగం చెల్లింపు నుండి మినహాయింపును ప్రసాదించాడు. స్థానిక బిషప్పుల ఆగ్రహానికి ఈ మినహాయింపులే కారణమయ్యాయి.

3. సంపదకు మూలాలు

పేదరిక వ్రతం వ్యక్తికే గాని సంస్థకు వర్తించదు. ఈ భేదమే సంపద సంచయానికి మార్గం చూపింది. భూములు, ద్రాక్షతోటలు, పిండిమరలు, ఇళ్లు దానాలుగా వచ్చాయి. అరగాన్ రాజు మొదటి అల్ఫోన్సో 1134లో మరణిస్తూ తన రాజ్యాన్నే టెంప్లర్లతో సహా మూడు సంఘాలకు వీలునామాగా రాశాడు. అది అమలు కాలేదు. 1143 నాటి ఒప్పందం ద్వారా మోన్‌సోన్ వంటి కోటలు, రాజాదాయంలో పదవ వంతు టెంప్లర్లకు దక్కాయి. ఐరోపాలోని శాఖలు తమ ఆదాయంలో కొంత భాగాన్ని తూర్పు దేశాల యుద్ధవ్యయానికి పంపేవి.

ధనాన్ని దూరప్రాంతాలకు చేర్చవలసిన ఈ అవసరమే సంఘాన్ని ద్రవ్య వ్యవహారాలలో నిపుణంగా చేసింది. రెండవ క్రూసేడులో ఏడవ లూయీ దాని నుండి భారీగా రుణం పొందాడు. ఫిలిప్ ఆగస్టస్ 1190లో క్రూసేడుకు వెళ్తూ, రాజాదాయాన్ని పారిస్‌లోని టెంపుల్‌లో భద్రపరచమని ఆదేశించాడు. ధనంకన్నా విశ్వసనీయతే ఇక్కడ అసలైన మూలధనం.

4. అధికార పరిమితి

సంపద ఉన్నంతమాత్రాన పాలనాధికారం సిద్ధించదు. 1191లో ఇంగ్లండు రాజు మొదటి రిచర్డ్ నుండి టెంప్లర్లు సైప్రస్‌ను కొన్నారు. మరుసటి సంవత్సరం నికోసియాలో తిరుగుబాటు చెలరేగడంతో దానిని వదులుకొన్నారు. 1291లో ఏకర్ పతనంతో సంఘం ఉనికికి ఆధారమైన లక్ష్యమే ప్రశ్నార్థకమైంది.

1307 అక్టోబరు 13న ఫ్రాన్సు రాజు నాలుగవ ఫిలిప్ తన రాజ్యంలోని టెంప్లర్లను మతద్రోహ నేరంపై నిర్బంధించాడు. చిత్రహింసల నడుమ నేరాంగీకారాలు రాబట్టారు. 1312లో పోపు ఐదవ క్లెమెంట్ సంఘాన్ని రద్దుచేసి, ఆస్తులలో అధికభాగాన్ని హాస్పిటలర్లకు బదిలీ చేశాడు. 1314లో అధిపతి జాక్ ద మొలే సజీవదహనానికి గురయ్యాడు.

5. ముగింపు

అదే కాలంలో హాస్పిటలర్లు రోడ్స్ దీవిలో, ట్యుటానిక్ నైట్లు ప్రష్యాలో స్వీయపాలన నెలకొల్పుకొని నిలిచారు. టెంప్లర్ల భూములు మాత్రం అన్య ప్రభువుల రాజ్యాలలో చెదరి ఉన్నాయి. వారి హక్కులు పోపు అనుగ్రహంపై ఆధారపడ్డాయి. రాజు శత్రువై, పోపు బలహీనుడైనప్పుడు ఆ సంపద రక్షణకవచం కాలేదు. పరుల అనుమతిపై నిలిచిన ఐశ్వర్యం స్వతంత్రాధికారం కాదని ఈ చరిత్ర నిరూపిస్తోంది.