దంత ఇంప్లాంట్ కోసం ఎముక నింపడం: కంప్యూటర్ మార్గదర్శక శస్త్రచికిత్స

పన్ను తీసేసిన చోట దవడ ఎముక ఉన్నట్టు ఉండదు. నమిలేటప్పుడు పంటి ద్వారా అందే ఒత్తిడి ఆగిపోగానే అది అరగడం మొదలవుతుంది. తొలి ఏడాదిలోనే ఆ చోట ఎముక వెడల్పు దాదాపు సగానికి పడిపోవచ్చు. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. అందుకే కొన్నేళ్ల తర్వాత కట్టుడు పళ్లతో విసిగి ఇంప్లాంట్ కోసం వచ్చే వారిలో చాలామందికి ముందుగా ఎముక నింపాల్సి వస్తుంది. దీన్నే బోన్ గ్రాఫ్టింగ్ అంటారు.

ఇంప్లాంట్ అంటే దవడలో బిగించే టైటానియం మర. దాని మీద కృత్రిమ పన్ను అమరుస్తారు. టైటానియం ఎముకతో విడదీయరానంతగా కలిసిపోతుందని స్వీడన్‌కు చెందిన బ్రనెమార్క్ 1950లలో కుందేళ్ల మీద పనిచేస్తూ గమనించారు. ఆయన వెతికింది ఇది కాదు; ఎముకలో రక్తప్రసరణను చూడటానికి అమర్చిన పరికరం తిరిగి ఊడిరాలేదు, అంతే. 1965లో తొలి రోగికి ఇంప్లాంట్లు అమర్చారు. అయితే మర చుట్టూ ఎముక ఉండాలి. 4 మి.మీ. వ్యాసం గల మరకు ఇరువైపులా కనీసం ఒక్కో మి.మీ. చొప్పున 6 మి.మీ. వెడల్పు కావాలి.

ఈ వెడల్పు మామూలు ఎక్స్‌రేలో కనిపించదు. అది గోడ మీద పడిన నీడ వంటిది. పొడవు తెలుస్తుంది, మందం తెలియదు. కోన్ బీమ్ సీటీ స్కాన్ దవడను మూడు కొలతల్లో చూపుతుంది. పళ్లు, చిగుళ్ల ఆకారాన్ని నోటి స్కానర్‌తో విడిగా తీసుకొని, రెండింటినీ సాఫ్ట్‌వేర్‌లో ఒకదానిపై ఒకటి సరిపెడతారు.

ఆ తర్వాతి క్రమాన్ని విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. ముందుగా తెర మీద పన్ను ఎక్కడ ఉండాలో అక్కడ పెడతారు. దాని కింద మరను నిలుపుతారు. మర చుట్టూ ఎముక లేని ఖాళీ ఎంతో అప్పుడు కనిపిస్తుంది. గ్రాఫ్ట్ పరిమాణం, ఆకారం ఆ ఖాళీని బట్టే నిర్ణయమవుతాయి. పూర్వం ఎముక ఎక్కడుంటే అక్కడ మర బిగించి, పన్నును దానికి సర్దేవారు. నా దృష్టిలో కంప్యూటర్ చేసిన అసలు మేలు ఈ క్రమాన్ని తిప్పడమే. కొందరి విషయంలో మరను కాస్త వాల్చినా, పొట్టిది వాడినా చాలునని, గ్రాఫ్ట్ అక్కర్లేదని కూడా ఈ దశలోనే తేలుతుంది. రోగికి ఒక కోత, నెలల నిరీక్షణ, గణనీయమైన ఖర్చు తప్పుతాయి.

ప్రణాళికను నోట్లోకి చేర్చేది గైడ్. ఇది త్రీడీ ప్రింటర్‌పై తయారైన రెసిన్ తొడుగు. పక్క పళ్ల మీద కూర్చుంటుంది. దానిలోని రంధ్రం డ్రిల్‌ను నిర్ణీత కోణంలో, లోతులో నడుపుతుంది. పై దవడలో సైనస్ గోడకు కిటికీ ఎక్కడ తెరవాలో, కింది దవడ వెనుక భాగం నుంచి ఎముక ముక్కను ఏ గీత వెంట కోయాలో చూపే గైడ్‌లూ ఉన్నాయి.

గైడ్ ఉంటే తప్పు జరగదన్న మాట మాత్రం సరికాదు. అధ్యయనాల సగటు ప్రకారం మర ప్రవేశించే చోట సుమారు 1.2 మి.మీ., కొన దగ్గర 1.4 మి.మీ., కోణంలో 3.5 డిగ్రీల తేడా వస్తుంది. స్కాన్ సమయంలో రోగి కదలడం, గైడ్ సరిగా కూర్చోకపోవడం ఇందుకు కొన్ని కారణాలు. కింది దవడలో నడిచే నాడికి 2 మి.మీ. దూరం వదలడం అందుకే. ఆ నాడి దెబ్బతింటే పెదవి, గడ్డం మొద్దుబారుతాయి. పెదవి మీద అన్నం మెతుకు అంటుకున్నా తెలియదు. కొందరిలో అది శాశ్వతం. వేడి మరో సమస్య. 47 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక్క నిమిషం ఉన్నా ఎముక కణాలు దెబ్బతింటాయి. గైడ్ ఆ చోటును కప్పేయడంతో చల్లబరిచే సెలైన్ లోపలికి చేరకపోవచ్చు; డ్రిల్‌ను మధ్యమధ్య పైకి తీస్తూ ఉండాలి.

గ్రాఫ్ట్ అతుక్కోవడం రక్తప్రసరణ మీద, చిగురును బిగుతు లేకుండా కుట్టడం మీద ఆధారపడుతుంది. పొగతాగడం, అదుపులో లేని మధుమేహం దాన్ని చెడగొడతాయి. ఏ తెర మీదా ఇవి కనిపించవు. రోగిని అడిగి తెలుసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: కింది దవడలో ఒకచోట ఎముక వెడల్పు 5 మి.మీ., నాడి వరకు ఎత్తు 11 మి.మీ. అక్కడ 4 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. పొడవు గల ఇంప్లాంట్‌ను ప్రతిపాదించారు. ఈ ప్రణాళికలో మీరు ఏ రెండు అభ్యంతరాలు చెబుతారు?